చింతమాను కింద దొరికిన రాగి నాణేలు: చిలుము ఎలా తీయాలి? రెండు ఇప్పటికే పాడుచేశాను

గెనిమగట్టు (చంద్రగిరి దగ్గర) · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి కోటకు ఐదు కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి పక్కన చిన్న పల్లె. పోయిన వారం చెనిక్కాయ పీకేటప్పుడు అమ్మ చెవికమ్మ ఒకటి మా కయ్యలో ఎక్కడో పడిపోయింది. అది అమ్మమ్మ ఇచ్చింది. అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మా బావమరిది బెంగళూరులో ఎవరి దగ్గరో మెటల్ డిటెక్టర్ అడిగి తెచ్చాడు, ఇద్దరం పొద్దునా సాయంత్రం దాన్ని పట్టుకుని సాలు సాలూ తిరిగాం. దొరికినవి బోరు వైరు ముక్కలు, మేకులు, సిగరెట్ ప్యాకెట్ల రేకు కాగితాలు, నాగలి కర్రు ముక్క ఒకటి.

మూడో రోజు గెనిమ మూలలో ఉన్న చింతమాను కింద గట్టిగా కూత వేసింది. జానెడు లోతు తవ్వితే పచ్చగా మట్టిగడ్డల్లాంటి బిళ్ళలు. మొత్తం 11. ఎనిమిది విడివిడిగా ఉన్నాయి, మూడు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. పెద్దదాని మీద మట్టి ఊదితే 1808 అని, రెండు సింహాల్లాగా ఏదో కనిపించింది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. ఇత్తడి బిందెలు తోమినట్టే అనుకుని రెండు నాణేలను చింతపండు పులుసులో ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున కొబ్బరి పీచుతో రుద్దాను. చిలుము పోయింది, నిజమే. దాంతోపాటు అక్షరాలూ పోయాయి. నానబెట్టక ముందు ఒకదాని మీద వేలితో తడిమితే గీతలు తగిలేవి, ఇప్పుడు నున్నగా, రోజా రంగులో, అక్కడక్కడా గుంటలతో ఉంది. చాలా బాధగా ఉంది. మిగతా తొమ్మిది ముట్టుకోలేదు. ఏం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతరాగి (తిరుపతి) · శనివారం రాత్రి 9:31

ముందు ఆపేయండి. మిగతా తొమ్మిదింటినీ నీళ్ళు కూడా తగలనీయకుండా, వచ్చిన మట్టితోనే ఒక్కోదాన్ని విడిగా కాగితంలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది. ఏది ఎక్కడ దొరికిందో ఇవాళే, మరిచిపోకముందే రాసిపెట్టుకోండి: చెట్టు మొదలు నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు, ఏది దేని పక్కన. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి.

1808, సింహాలు అంటే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో కొట్టించిన కాసుల నాణెం. బొమ్మ వైపు కంపెనీ ముద్ర, దానికి రెండు పక్కలా సింహాలు, బొరుసు వైపు పారసీ లిపి ఉంటాయి. మన కాసు అన్న మాటనే వాళ్ళు క్యాష్ అని రాసుకున్నారు. ఇవే నాణేలు మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809లో ఇంగ్లండు ఒడ్డునే, గుడ్విన్ శాండ్స్ దగ్గర మునిగిపోయింది. తర్వాత ఆ ఓడలోంచి చాలా బయటికి తీశారు. అందుకే ఈ నాణెం అరుదేమీ కాదు. కానీ మన పొలంలో దొరికిన దాని కథ వేరు.

పలమనేరు_రవి · శనివారం రాత్రి 10:05

అన్నా, నేను మాత్రం ఒప్పుకోను. మా తాత దగ్గర టిప్పు సుల్తాన్ ఏనుగు బొమ్మ పైసా ఒకటి ఉండేది, నల్లగా మసిబొగ్గులా. నిమ్మకాయతో రుద్దితే ఏనుగు తొండం, తోక అన్నీ తేటగా కనిపించాయి. ఇప్పుడు ఎవరికి చూపించినా బాగుందనే అంటారు. నాణెం అంటే చూడ్డానికే కదా? ఏమీ కనిపించని పచ్చ గడ్డను పెట్టెలో పెట్టుకుని ఏం చేయాలి?

ల్యాబ్‌మేడమ్ (పుత్తూరు) · శనివారం రాత్రి 10:48

రవి గారూ, మీ తాతగారి నాణేనికీ వీళ్ళ నాణేలకూ పెద్ద తేడా ఉంది. నేను కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా, కాస్త పొడుగవుతుంది.

ఇంట్లో, చేతుల్లో తిరిగిన రాగి నాణెం మీద పట్టేది పల్చటి నల్ల పొర. కింద లోహం దాదాపు అలాగే ఉంటుంది. అందుకే నిమ్మకాయ పెట్టినా బొమ్మ మిగిలింది. రెండు వందల ఏళ్ళు మట్టిలో ఉన్నదానికి అలా కాదు. తడి, గాలి, మట్టిలోని ఉప్పులు కలిసి పైలోహాన్ని మెల్లగా తినేస్తాయి. లోహానికి ఆనుకుని ఎర్రటి క్యూప్రైట్ పొర, అంటే రాగి ఆక్సైడు, దాని మీద పచ్చటి మాలకైట్ పొర, అంటే రాగి కార్బొనేటు. టంకశాలలో అచ్చు పడినప్పటి అసలు ఉపరితలం చాలాసార్లు లోహం మీద ఉండదు, ఈ పొరల్లోనే ఉండిపోతుంది. అక్షరం ఎత్తు, గీత వాడి, అన్నీ పొరలోనే. కింద లోహం అప్పటికే గుంటలు పడి ఉంటుంది.

చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం. రెండూ ఈ పొరలను కరిగించేస్తాయి. పొర కరిగితే అక్షరం కరిగినట్టే. గెనిమగట్టు గారి నాణెం మీద వేలికి తగిలిన గీతలు పోయింది అందుకే. పీచుతో రుద్దినందుకు కాదు, రుద్దే సమయానికే అవి నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. ఇందులో మీ తప్పు అనడానికి ఏమీ లేదు, మనందరి ఇళ్ళలో రాగి అంటే చింతపండే గుర్తొస్తుంది.

నాకు ఎక్కువ టెన్షన్ ఆ ఉప్పు గురించి. ఉప్పులో క్లోరైడు ఉంటుంది, రాగికి అసలు శత్రువు అదే. ఆ రెండు నాణేలనూ డిస్టిల్డ్ వాటర్‌లో వేయండి. బ్యాటరీలో పోసే నీళ్ళు పెట్రోల్ బంకుల దగ్గర, ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతాయి, అవే. రోజూ నీళ్ళు మార్చండి, కనీసం వారం పది రోజులు. బోరు నీళ్ళు వద్దు, మన వైపు బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అవీ వద్దు.

పలమనేరు_రవి · శనివారం రాత్రి 11:02

పొరలోనే అక్షరం ఉంటుందన్నది నాకు తెలీదు మేడమ్. నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. మా తాత నాణెం ఇప్పుడు ఎర్రగా మెరుస్తోంది, దాన్ని అలాగే వదిలేయనా?

పాతరాగి · శనివారం రాత్రి 11:10

వదిలేయండి రవీ. ముట్టుకునేటప్పుడు అంచు పట్టుకోండి, వేలి చెమటలోనూ ఉప్పు ఉంటుంది. కొన్నేళ్ళకు దానంతట అదే గోధుమ రంగుకు వస్తుంది. మళ్ళీ నల్లబడిందని నిమ్మకాయ మాత్రం పట్టుకోవద్దు.

ఆచారి_చిత్తూరు · ఆదివారం ఉదయం 6:50

మాది మూడు తరాలుగా వెండి బంగారం పని. రాగి గురించి మేడమ్ చెప్పారు, వెండి గురించి నేను రెండు మాటలు చెప్తాను, ఎందుకంటే ఇళ్ళలో ఎక్కువ పాడయ్యేవి అవే.

పూజలో కలశం దగ్గర పెట్టే పాత వెండి రూపాయలు నా దగ్గరికి మెరుగు పెట్టమని తెస్తుంటారు, వరలక్ష్మీ వ్రతం ముందు మరీ ఎక్కువ. ఒకావిడ తెచ్చిన 1862 విక్టోరియా రాణి రూపాయి నేను ఇప్పటికీ మరిచిపోలేను. ప్రతి శుక్రవారం విభూతితో, పళ్ళపొడితో రుద్ది రుద్ది రాణి ముక్కు, కిరీటం చదునైపోయాయి. జడ అల్లిక ఉండాల్సిన చోట అద్దంలా ఉంది. తూకం వేశాను. ఆ రూపాయి పూర్తి బరువు ఒక తులం, 11.66 గ్రాములు ఉండాలి, అది 11కు కూడా రాలేదు. అంత వెండి ఎక్కడికి పోయింది? శుక్రవారం శుక్రవారం గుడ్డకు అంటుకుని పోయింది. ఆవిడకు అది అత్తగారు ఇచ్చిన రూపాయి. చెప్పినప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వెండి మీద నలుపు గంధకం వల్ల పడుతుంది. అది పైన పట్టే పల్చటి పొరే, లోపలికి పెద్దగా తినదు. పసుపు, కుంకుమ, నూనె జిడ్డు ఉంటే కుంకుడుకాయ రసం పల్చగా చేసి, అందులో కాసేపు ఉంచి, మంచినీళ్ళతో కడిగి మెత్తని నూలుగుడ్డతో అద్దండి. అద్దాలి, రుద్దకూడదు. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ పద్ధతి ఉంది, నలుపు నిమిషాల్లో పోతుంది. పళ్ళాలకు, గ్లాసులకు సరే, పాత నాణేలకు వద్దు. చేశాక వెండి పాలిపోయి ప్రాణం లేనట్టు ఉంటుంది. పూజకు కొత్త వెండి బిళ్ళ ఒకటి పెట్టుకోండి, దాన్ని ఎంతైనా తోమండి. పాతదాన్ని పసుపు కుంకుమ తగలకుండా భరిణెలో ఉంచి చూపించి మళ్ళీ లోపల పెట్టండి.

బంగారానికి ఏమీ అక్కర్లేదు. నీళ్ళు చాలు.

గెనిమగట్టు · ఆదివారం ఉదయం 8:25

అందరికీ చాలా థాంక్స్. తిరుపతి వెళ్ళి బ్యాటరీ నీళ్ళు రెండు క్యాన్లు తెచ్చాను. ఆ రెండు నాణేలూ గాజు సీసాలో వేశాను.

ఒక సందేహం. అతుక్కున్న మూడింటినీ కత్తి మొనతో మెల్లగా విడదీయవచ్చా? బావమరిది అదే అంటున్నాడు. నేను ఫోన్ కెమెరా జూమ్ చేసి చూశాను, రెండు నాణేల మధ్య సందులో పచ్చ చిలుము మీద సన్న సన్న గళ్ళు ఉన్నాయి, అడ్డంగా నిలువుగా. మొదట చేప పొలుసు అనుకున్నా. ఫోటో పెడుతున్నా.

శాసనప్రియ · ఆదివారం ఉదయం 8:58

కత్తి పక్కన పెట్టండి. దయచేసి.

నేను ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివాను. మీ ఫోటో పెద్దది చేసి చూశాను. అది బట్ట నేత. పడుగూ పేకా రెండూ కనిపిస్తున్నాయి. నూలుగుడ్డ మట్టిలో మామూలుగా కొన్నేళ్ళకే కుళ్ళిపోతుంది. కానీ రాగిని ఆనుకుని ఉంటే రాగి ఉప్పులు పురుగునూ బూజునూ దగ్గరికి రానివ్వవు, మెల్లగా ఆ పోగుల ఆకారమే చిలుములో అచ్చు పడిపోతుంది. మీరు వాటిని విడదీసి కడిగి ఉంటే ఆ గుడ్డ గుర్తు ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇప్పుడు ఆలోచించండి. గుడ్డ ఉందంటే ఇవి ఎవరి చేతిలోంచో జారి పడినవి కావు. ఎవరో మూట కట్టి ఆ చెట్టు కింద దాచారు. 1808 నాణెం ఉంది కాబట్టి దాచింది ఆ తర్వాతే. మిగతావి ఇంకా పాతవైనా కావచ్చు, రాగి నాణేలు రాజ్యాలు మారినా చాలాకాలం చేతులు మారేవి. పదకొండు రాగి బిళ్ళలు పెద్ద డబ్బు కాదు, ధనవంతుడు దాచేది కాదు. కూలి చేసుకునే మనిషో, సంతకు పోయి వచ్చిన ఆడమనిషో దాచుకుని ఉంటారు. వాటి కోసం మళ్ళీ రాలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. దాచిన సొమ్ము అనగానే 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది, ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాచినది దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, ఏం దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అని కలెక్టరుకు రాసి ఇవ్వాలి. వస్తువును ప్రభుత్వ ఖజానాలో పెట్టాలి, లేదా అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని హామీ ఇవ్వాలి. చెప్పకుండా ఉంచుకున్నా, గుర్తు పట్టకుండా వాటి రూపు మార్చినా ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీరు చింతపండులో వేసింది దాచిపెట్టాలని కాదు కాబట్టి భయపడకండి, కానీ ఇక మీదట ఒక్క నాణేన్నీ శుభ్రం చేయకండి.

కుప్పం_కిరణ్ · ఆదివారం ఉదయం 9:40

బ్రో, నేను స్నేహితుడిలా చెప్తున్నా, ఆఫీసుకు వెళ్ళి చెబితే ఊరంతా లంకెబిందెలు దొరికాయని గుప్పుమంటుంది. రాత్రిళ్ళు మీ పొలంలో ఎవరెవరో గడ్డపారలు తెచ్చి తవ్వుతారు. మా వైపు అలాగే జరిగింది. ఒకాయన ఇల్లు కట్టడానికి పునాది తీస్తుంటే పాత ఇత్తడి చెంబు దొరికింది. అంతే, నెల రోజులు ఆయనకు నిద్ర లేదు. చెంబులో ఏమీ లేదు, మట్టే. రాగి బిళ్ళలకు ఇంత రిస్క్ ఎందుకు, ఇంట్లో పెట్టుకోండి.

శాసనప్రియ · ఆదివారం ఉదయం 10:15

కిరణ్ గారూ, మీ భయం నిజమే, నేను కాదనను. అందుకే ఊళ్ళో చెప్పకుండా నేరుగా కాగితం మీద రాసి ఇవ్వమంటున్నా. చెప్పకపోతే పుకారు ఆగదు, ఇప్పటికే డిటెక్టర్ కూత పక్క పొలంవాళ్ళు వినే ఉంటారు. రసీదు చేతిలో ఉంటే ఎవరు అడిగినా ఇవిగో పదకొండు, ఇంతే, ప్రభుత్వానికి ఇచ్చేశాం అని చెప్పొచ్చు. రసీదు లేకపోతే మీరు పదకొండు అన్నా జనం పదకొండు వందలు అంటారు.

పైగా చట్టంలో దొరికినవాడికీ భాగం ఉంది. ఎవరూ హక్కుదారులు లేరని తేలితే, వేరే ఒప్పందం లేని చోట నాలుగింట మూడొంతులు దొరికినవాడికి, ఒక వంతు భూమి యజమానికి. ఇక్కడ రెండూ వాళ్ళ ఇల్లే. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. రాగికి వచ్చేది ఎంత అనేది పక్కన పెట్టండి.

గెనిమగట్టు గారూ, మీ పొలం కోటకు ఐదు కిలోమీటర్లు అన్నారు కాబట్టి సరిపోయింది. ఈ చర్చ చదివి డిటెక్టర్ కొనే వాళ్ళకు చెప్తున్నా: చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కోటలో గానీ, పాడుబడ్డ గుళ్ళ దగ్గర గానీ డిటెక్టర్ పట్టుకుని తవ్వడం నేరం. గుప్తనిధుల పేరుతో మన జిల్లాలో పగలగొట్టిన మంటపాలు, పెకలించిన నంది విగ్రహాలు చూసి చూసి నాకు కడుపు మండిపోతోంది.

శ్రీకాళహస్తి_వాణి · ఆదివారం మధ్యాహ్నం 1:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాన్నగారి నాణేల ఆల్బమ్ పదేళ్ళ తర్వాత తెరిచాను. అణాలు, బేడలు, చిల్లు కాణీలు, 1957 తర్వాతి నయాపైసలు ఉన్నాయి. రాగి వాటి మీద పచ్చగా జిగటగా ఏదో పట్టింది, వేలికి అంటుకుంటోంది. రెండు కాణీల మీద మాత్రం వేరేలా ఉంది, లేత ఆకుపచ్చ పొడి, ఊదితే రాలుతుంది. తుడిచాను, పది రోజులకు మళ్ళీ వచ్చింది. ఇది కూడా చిలుమేనా?

ల్యాబ్‌మేడమ్ · ఆదివారం మధ్యాహ్నం 2:35

వాణి గారూ, రెండూ వేరు వేరు జబ్బులు.

జిగట ఉన్నది మీ ఆల్బమ్ వల్ల. మెత్తగా వంగే పీవీసీ ప్లాస్టిక్ జేబుల్లోంచి కాలం గడిచేకొద్దీ నూనెలాంటి పదార్థం ఊరుతుంది, పీవీసీ చెడితే ఆమ్లం కూడా పుడుతుంది. మెడికల్ ల్యాబులకు సరుకు అమ్మే చోట స్వచ్ఛమైన అసిటోన్ తీసుకుని, కిటికీలు తెరిచి, పొయ్యి దగ్గర లేకుండా, గాజు గిన్నెలో నాణేన్ని కొన్ని నిమిషాలు ఉంచండి, జిగట కరిగిపోతుంది. గోళ్ళరంగు తీసే ద్రావకం వద్దు, అందులో రంగు, సెంటు, నూనె కలుపుతారు. అసిటోన్ లోహాన్ని ఏమీ చేయదు. ఆ ఆల్బమ్ మాత్రం మళ్ళీ వాడకండి.

పొడి రాలేది ప్రమాదం. దాన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు, కంచు జబ్బు అనుకోండి, రాగికీ వస్తుంది. మామూలు చిలుము గట్టిగా, ముదురు రంగులో, నాణేన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, అది నాణేన్ని కాపాడుతుంది కూడా. ఇది అలా కాదు. లోపల క్యూప్రస్ క్లోరైడు దాగి ఉంటుంది. గాలిలో చెమ్మ తగలగానే అది లేత పచ్చ పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం కింద ఉన్న కొత్త రాగిని తిని మళ్ళీ క్లోరైడు తయారుచేస్తుంది. అందుకే మీరు తుడిచినా మళ్ళీ వచ్చింది. వదిలేస్తే నాణెం పొడైపోయేదాకా ఆగదు. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గోడలే చెమ్మగిల్లుతాయి కదా, అప్పుడు ఇది ఎక్కువగా బయటపడుతుంది.

ఈ రెండు కాణీలనూ ముందు మిగతావాటి నుంచి వేరు చేయండి. వెదురు పుల్లతో పొడి రాల్చేయండి. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో సుమారు 28 గ్రాముల సోడియం కార్బొనేటు, 22 గ్రాముల వంటసోడా కలిపి అందులో నానబెట్టండి. వారానికోసారి ద్రావణం మార్చండి. నెల పట్టొచ్చు, మూడు నెలలూ పట్టొచ్చు, కొంత రంగు మారే అవకాశం ఉంది, అది భరించాల్సిందే. క్లోరైడు ఇంకా వస్తోందో లేదో తెలియాలంటే దగ్గరి కాలేజీ ల్యాబులో అడగండి. పాత ద్రావణం కొంచెం తీసి, నైట్రిక్ ఆమ్లంతో పొంగు ఆగేదాకా విరిచి, రెండు చుక్కలు సిల్వర్ నైట్రేటు వేస్తే, తెల్లగా పాలలా మారితే క్లోరైడు ఇంకా ఉన్నట్టే. తేటగా ఉంటే చాలు. తర్వాత మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో కొన్నాళ్ళు ఉంచి, అసిటోన్‌లో ముంచి ఆరనివ్వండి.

బెంజోట్రయజోల్ అనే మందు మ్యూజియంలలో వాడతారు, బాగా పనిచేస్తుంది, కానీ అది ఒంటికి మంచిది కాదు, వంటింట్లో చేసే పని కాదు. ఇంట్లోకి తేమ పీల్చే సిలికా జెల్ చాలు. మూత గట్టిగా పట్టే డబ్బాలో నాణేలతో పాటు పెట్టండి, తేమ 40 శాతం లోపు ఉంటే ఈ జబ్బు నిద్రపోతుంది. పది రూపాయల పొట్లాలు కాకుండా రంగు మారేవి కొనండి, రంగు మారగానే ఎప్పుడు వేడి చేసి ఆరబెట్టాలో తెలిసిపోతుంది.

శ్రీకాళహస్తి_వాణి · ఆదివారం మధ్యాహ్నం 2:51

మేడమ్, ఇది మొత్తం కాగితం మీద రాసుకున్నాను. రేపే మొదలుపెడతా.

పలమనేరు_రవి · ఆదివారం సాయంత్రం 5:15

అన్నా పాతరాగీ, మరి చిలుము తీయడమే కూడదా? మీరు ఎన్నేళ్ళ నుంచో సేకరిస్తున్నారు కదా, మీ నాణేలన్నీ మట్టితోనే ఉన్నాయా?

పాతరాగి · ఆదివారం సాయంత్రం 6:40

మంచి ప్రశ్న. తీయొచ్చు. మీది అయిన నాణెం, ఎక్కడ దొరికిందో ఎవరికీ తెలియక అంగట్లోకి వచ్చేసిన నాణెం అయితే, ఓపిక ఉంటే.

చాలా ఏళ్ళ క్రితం గోవిందరాజస్వామి గుడి దగ్గర వీధుల్లో పాత సామాన్ల అతని దగ్గర ఒక చిన్న దళసరి రాగి నాణెం కొన్నాను. మట్టి, చిలుము కలిసి రాయిలా గట్టిపడి ఉంది. వారం రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచాను. మట్టి కొంత మెత్తబడింది. తర్వాత తుమ్మముల్లు. అవును, నల్లతుమ్మ ముల్లే. ఉక్కు సూది రాగి కన్నా గట్టిది, జారితే గీత పడుతుంది. ముల్లు మట్టి కన్నా గట్టిది, రాగి కన్నా మెత్తన. మొన అరగ్గానే విరిచేసి ఇంకోటి తీసుకునేవాణ్ణి. మ్యూజియంలలో పనిచేసేవాళ్ళు కూడా ముళ్ళు వాడతారని ఆ తర్వాత తెలిసింది.

రోజూ రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు, భూతద్దం పెట్టుకుని, టేబుల్ లైటు పక్క నుంచి పడేలా పెట్టి. పై నుంచి వెలుగు పడితే ఏమీ తెలియదు, పక్క నుంచి పడితే ఎత్తుపల్లాలు నీడలు వేస్తాయి. ముల్లును నిలువుగా గుచ్చకూడదు, పడుకోబెట్టి మట్టిని కింద నుంచి లేపాలి. సరైన చోట తగిలితే మట్టి పెచ్చులా టిక్కుమని ఊడి వస్తుంది, కింద నున్నటి ముదురు పచ్చ పొర మెరుస్తుంది. అక్కడ ఆగిపోవాలి. ఆ పచ్చ పొర తీయకూడదు, మేడమ్ చెప్పినట్టు నాణెం అదే.

తొమ్మిదో రోజు వంకర ముక్కు ఒకటి బయటికొచ్చింది. చిలక అనుకున్నాను. ఇంకో నాలుగు రోజులకు రెక్క, తర్వాత మడిచిన మోకాలు. గరుత్మంతుడు. బొరుసు వైపు నాగరి అక్షరాలు మూడు వరుసలు, మొదటిది శ్రీ. శ్రీకృష్ణదేవరాయల రాగి నాణెం, మోకాలు వంచిన గరుడుడు, వెనక ప్రతాప కృష్ణరాయ అని. 1513లో మొదటిసారి తిరుమల వచ్చి, మొత్తం ఏడుసార్లు కొండెక్కిన రాయలు. ఆయన పేరున్న కాసు మన ఊళ్ళో ఎవరి మొలలోనో ఉండి, ఎక్కడో రాలి, పాత సామాన్లలోకి వచ్చింది. ఆ రాత్రి మా ఆవిడను నిద్రలేపి చూపించాను.

దాన్నే నేను మొదటి రోజు చింతపండులో వేసి ఉంటే నా దగ్గర ఇవాళ ఒక ఎర్రటి బిళ్ళ ఉండేది.

నూనెలో నానబెట్టమని చాలామంది చెబుతారు. వంటనూనెలో ఆమ్లం మెల్లగా పుడుతుంది, నాణెం నల్లబడుతుంది, జిడ్డు పోదు. నేను వాడి మానేశాను. బ్యాటరీ ఛార్జర్ పెట్టి కరెంటుతో చిలుము ఊడగొట్టే పద్ధతి వీడియోల్లో చూస్తుంటారు, దానికి మాత్రం చేతులెత్తి దండం పెడుతున్నా, వద్దు. పొర మొత్తం ఊడిపోతుంది.

ఇంకో మాట. కంపెనీ పేరుతో 1818 అని ఉండి రాముడు, హనుమంతుడు బొమ్మలున్న రాగి బిళ్ళలు చూపించి, బియ్యం గింజల్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని చెప్పేవాళ్ళు మన జిల్లాలో తిరుగుతూనే ఉన్నారు. కంపెనీ అలాంటి నాణెం కొట్టలేదు. రాగి బియ్యాన్ని లాగదు. ఇల్లు తాకట్టు పెట్టినవాళ్ళు నాకు తెలుసు.

ఆచారి_చిత్తూరు · ఆదివారం రాత్రి 8:05

తుమ్మముల్లు మాట చదివి మా నాన్న గుర్తొచ్చాడు. నగిషీ సందుల్లో మైనం తీయడానికి ఆయన ముల్లే వాడేవాడు.

గెనిమగట్టు · 17 రోజుల తర్వాత, బుధవారం రాత్రి 9:30

ఆలస్యమైంది, ఏం జరిగిందో అడుగుతున్న వాళ్ళందరికీ చెబుతున్నా.

ఆ సోమవారమే కలెక్టరు గారి పేరున అర్జీ రాసి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చాను. శాసనప్రియ గారు చెప్పినట్టే ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీ, ఎంత లోతు అని రాశాను, ఫోటోలు జత చేశాను. మొదట అక్కడ ఉన్నాయన రాగి నాణేలకు అర్జీ ఏమిటి అన్నట్టు చూశాడు. బట్ట నేత ఫోటో చూపించాక కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చి పొలం చూసి, పంచనామా రాసి, పదకొండూ తూకం వేసి తీసుకున్నారు. రసీదు ఇచ్చారు. ఆ రసీదు అమ్మ దేవుడి పటం వెనక పెట్టింది.

చింతపండులో వేసిన రెండూ అప్పటిదాకా డిస్టిల్డ్ వాటర్‌లోనే ఉన్నాయి, ఆరబెట్టి ఇచ్చాను. ఇవి రెండూ ఎందుకిలా ఉన్నాయని అడిగారు. నేను ఉప్పు, చింతపండు వేసి కడిగానని ఉన్నదున్నట్టు చెప్పాను, దాన్ని కూడా కాగితంలో రాయమన్నాను. వాటి మీద ఏముండేదో నాకు గుర్తున్నంత బొమ్మ గీసి ఇచ్చాను. ఒకదాని మీద వేలికి తగిలిన గీతలు ఎటు నుంచి ఎటు ఉండేవో, అంతే. అది అక్షరమో, బొమ్మో నాకు తెలియదు.

అతుక్కున్న మూడింటినీ ముట్టుకోకుండా, మట్టితోనే, అగ్గిపెట్టెలో దూది పెట్టి ఇచ్చాను.

శాసనప్రియ · బుధవారం రాత్రి 9:44

అగ్గిపెట్టెలో దూది చాలా మంచి పని చేశారు. గీసిన బొమ్మ కాపీ మీ దగ్గర కూడా ఉంచుకున్నారా?

గెనిమగట్టు · బుధవారం రాత్రి 9:52

ఉంచుకున్నాను. ఫోటోలు, తూకాల లెక్క కూడా ఒక నోటుబుక్కులో అంటించాను.

శ్రీకాళహస్తి_వాణి · బుధవారం రాత్రి 10:10

నా కాణీలు మూడో వారం ద్రావణంలో ఉన్నాయి. మొన్న కాలేజీలో సిల్వర్ నైట్రేటు వేస్తే ఇంకా పాలలాగే తెల్లబడింది, కానీ మొదటి వారం కన్నా పల్చగా. మేడమ్, ఇది మంచిదే కదా?

ల్యాబ్‌మేడమ్ · బుధవారం రాత్రి 10:18

చాలా మంచిది. ఆపకండి, వారం వారం మార్చుతూనే ఉండండి.

పాతరాగి · బుధవారం రాత్రి 10:25

ఇంతకీ అమ్మగారి కమ్మ దొరికిందా?

గెనిమగట్టు · బుధవారం రాత్రి 10:31

ఇంకా లేదన్నా. పీకిన చెనిక్కాయ కట్టె కళ్ళంలో కుప్ప వేసి ఉంది, దానితో పాటు వచ్చేసిందేమోనని అమ్మ అంటోంది. ఆదివారం కుప్ప కొద్దికొద్దిగా పరిచి దాని మీద డిటెక్టర్ తిప్పుతాం.